దుబ్బు మొదలుకు చేరే మందు: పొట్ట దశ వరిలో పాము పొడ, నానో వాహకాలు

ప్రకాశం బ్యారేజీ కాలువల కింద జూలై, ఆగస్టు నెలల్లో నాటిన వరి ఆశ్వయుజ మాసానికి పిలకలు పూర్తిగా తొడిగి పొట్ట దశకు చేరుతుంది. చేను కమ్ముకొని దుబ్బుల మధ్య గాలి ఆడకపోవడం, మడిలో నీరు నిలిచి ఉండడం, దానికి తోడు ముసురు పట్టడం వల్ల కృష్ణా డెల్టాలో పాము పొడ తెగులు విజృంభించేది ఈ రోజుల్లోనే. దీనికి కారణం రైజోక్టోనియా సొలాని అనే శిలీంద్రం. ఆవగింజంత ఉండే దాని గట్టి ముద్దలు, అంటే స్క్లీరోషియాలు, పాత పంట మోళ్ళలోను గట్ల మీది గడ్డిలోను దాగి ఉండి, దమ్ము చేసినప్పుడు నీటిపై తేలి, గాలి వాటున మడి మూలలకు కొట్టుకుపోయి, అక్కడి దుబ్బులకు నీటిమట్టం దగ్గర అంటుకొని మొలకెత్తుతాయి. తొలి మచ్చలు చేను నడుమ కాక గట్టు వెంబడి కనిపించడానికి, పై ఆకులపై కాక కాండాన్ని చుట్టుకొని ఉండే ఆకు తొడుగులపై కనిపించడానికి కారణం ఇదే. బూడిద రంగు మధ్యభాగం, గోధుమ రంగు అంచు గల ఆ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతూ పైకి పాకి, పోటాకును చేరితే గింజ తాలు అవుతుంది.

ఈ తెగులుకు మందులు లేక కాదు. లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్, లేదా 2 మి.లీ. వాలిడామైసిన్, లేదా 1 మి.లీ. ప్రొపికొనజోల్ చాలాకాలంగా సిఫారసులో ఉన్నవే. చిక్కంతా మందును శిలీంద్రం ఉన్న చోటికి చేర్చడంలో ఉంది. వరి ఆకుపై మైనపు పూత ఉండడం వల్ల పైనుంచి కొట్టిన మందు బొట్లలో కొన్ని జారి మడి నీటిలో కలుస్తాయి, కొన్ని పై ఆకులపైనే ఆరిపోతాయి, మిగిలినదానిలో కొంత ఆ సాయంత్రం వానకు కొట్టుకుపోతుంది. దుబ్బు మొదట తెగులు మాత్రం కదలదు.

మందును అవసరమైన చోటికి మోసుకుపోయి, అక్కడ కొద్దికొద్దిగా విడుదల చేసే వాహకాల అన్వేషణ ఈ చిక్కు నుంచే మొదలైంది. మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అంటారు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే రేణువులను నానో రేణువులుగా లెక్కిస్తారు. నీటిలో సరిగా కరగని శిలీంద్రనాశినిని ఇటువంటి రేణువులో బంధిస్తే అది నీటిలో సమంగా పరచుకుంటుంది, ఆకుకు పట్టి ఉంటుంది, ఎండకు త్వరగా విచ్ఛిన్నం కాదు. వైద్యంలో ఈ పద్ధతి పాతదే. 2021లో కొవిడ్ రెండో విడత వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్‌కు ఇంజెక్షన్ దొరకక తెలుగు కుటుంబాలు ఊరూరా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి అటువంటి మందే. మామూలు రూపంలో మూత్రపిండాలను దెబ్బతీసే ఆంఫోటెరిసిన్‌ను 100 నానోమీటర్ల లోపు కొవ్వు గోళాలలో ఇమిడ్చి ఇస్తే ఆ హాని చాలావరకు తగ్గుతుంది. మందు అదే, మారినది దానిని మోసే బండి.

పంటల విషయంలో పరిశోధకులు ఎక్కువగా పరీక్షిస్తున్న వాహకాలలో రెండింటికి ముడిసరుకు డెల్టాలోనే గుట్టలుగా పడి ఉండడం గమనించదగిన సంగతి. మొదటిది కైటోసాన్. రొయ్య బరువులో సుమారు 40 శాతం తల, పెంకు రూపంలో వ్యర్థంగా పోతుంది. ఆ పెంకును ఆమ్లంతో, తరువాత క్షారంతో శుద్ధి చేసి కైటిన్‌ను, దాని నుంచి కైటోసాన్‌ను తీస్తారు. ధనావేశం గల కైటోసాన్ రుణావేశం గల శిలీంద్ర కణపు పొరను అంటిపెట్టుకుంటుంది, కాబట్టి మందును మోయడంతో పాటు తనంతట తానే కొంత శిలీంద్రాన్ని అణచగలదు. రెండవది సిలికా. రైసు మిల్లుల బాయిలర్లలో కాలిన ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికాయే ఉంటుంది. దాని నుంచి సన్నని రంధ్రాలు గల రేణువులను తయారుచేసి, ఆ రంధ్రాలలో మందు నింపవచ్చు. వరి సహజంగానే సిలికాను పీల్చుకొని కణకవచాన్ని గట్టిపరచుకునే పైరు కనుక వాహకం కూడా వృథా కాదు. రొయ్యల ఎగుమతిలోను ధాన్యంలోను పేరున్న ప్రాంతం ఈ రెండు వ్యర్థాలను ఇంకా కాలువ గట్లకు, రోడ్డు పక్కకు వదిలివేయడం సమర్థించదగినది కాదు.

అయితే పరిశోధనశాలలో పనిచేసినది పొలంలో అంతే పనిచేస్తుందని చెప్పడానికి వీలులేదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన వేరుశనగ ప్రయోగంలో నానో జింక్ ఆక్సైడ్ పదిలక్షల పాళ్ళకు 1000 పాళ్ళ మోతాదులో విత్తనాల మొలకను, మొక్క ఎదుగుదలను పెంచగా, 2000 పాళ్ళ వద్ద అదే పదార్థం ఎదుగుదలను కుంటుపరచింది. అది పోషకమే తప్ప శిలీంద్రనాశిని కాదు గాని, మోతాదు గురించిన హెచ్చరిక రెంటికీ వర్తిస్తుంది. నీటి నాణ్యత మరొక అడ్డంకి: మచిలీపట్నం, కైకలూరు వైపు ఉప్పదనం ఉన్న బోరునీటిలో కలిపితే ఆవేశం కోల్పోయిన రేణువులు ఒకదానికొకటి అతుక్కొని ముద్ద కడతాయి; అప్పుడు అవి నానో రేణువులుగా మిగలవు.

ఈ సీజన్‌లో రైతులు సీసాపై ‘నానో’ అన్న మాటను చూసి మోసపోకూడదు. 2021లో మార్కెట్లోకి వచ్చిన నానో యూరియా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చే ఎరువు. అది తెగులును ఆపదు. శిలీంద్రనాశిని ఏదైనా 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదై, లేబుల్‌పై ఆ సంఖ్య, పంట పేరు, తెగులు పేరు కలిగి ఉండాలి. నానో ఉత్పత్తుల మదింపునకు 2020లో కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించింది. నమోదు వివరాలు చూపలేని అమ్మకందారు వద్ద కొనకుండా రైతు సేవా కేంద్రంలో విచారించడం మేలు.

నానో వాహకం చేయవలసిన పనిని ప్రస్తుతానికి నాజిల్‌తోనే చేయించాలి. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదిలిన చేలలో మనిషి లోపలికి నడిచి, మడిలోని నీటిని తీసివేసి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం దుబ్బు మొదళ్ళు తడిసేటట్లు పిచికారి చేయవచ్చు. బాటలు వదలని చేలలో కనీసం గట్టు వెంబడి తెగులు కనిపించిన మేరకైనా దుబ్బులు విడదీసి కొట్టాలి. డ్రోన్ ఎకరాకు సుమారు 10 లీటర్లతోనే పని ముగిస్తుంది, కాబట్టి పై ఆకుల తెగుళ్ళకు ఉపయోగపడినంతగా పాము పొడకు ఉపయోగపడదు. తెగులు కనిపించిన చేలో పైపాటు యూరియాను ఆపాలి. 15 రోజులకు రెండవసారి కొట్టవలసి వస్తే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ రెండూ ట్రయజోల్ వర్గానివే కనుక ఒకదాని వెంట మరొకటి వాడక, వాలిడామైసిన్‌కు మారాలి. మనుషుల ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్‌జిల్లస్ బూజు ఈ వర్గపు మందులకు లొంగకపోవడం నెదర్లాండ్స్‌లోను, తరువాత భారతదేశంలోను బయటపడింది. పొలాలలో ఈ వర్గాన్ని విచక్షణ లేకుండా వాడడం అందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వేసిన చేలలో కార్తీకపు మంచుకు మెడవిరుపు తెగులు కూడా వస్తుంది. దానికి లీటరుకు 0.6 గ్రా. ట్రైసైక్లజోల్ సిఫారసు ఉన్నప్పటికీ, బియ్యంలో దాని అవశేష పరిమితిని ఐరోపా సమాఖ్య 2017లో కిలోకు 1 మి.గ్రా. నుంచి 0.01 మి.గ్రా.కు తగ్గించిన సంగతి ఎగుమతికి పండించేవారు గుర్తుంచుకొని, ఐసోప్రోథియోలేన్ వంటి ప్రత్యామ్నాయాన్ని కొనుగోలుదారును అడిగి నిర్ణయించుకోవాలి.