స్థానం - విలువ - అపవాదం

కంప్యూటర్ చేయవలసిన పనిని వరుసక్రమంలో నిర్దేశించే ఆదేశాల సముదాయమే ప్రోగ్రాం. అందులో విలువను నిలిపి ఉంచేందుకు పేరు పెట్టిన స్థానాన్ని చలరాశి అంటారు. ఆ స్థానంలో విలువను ఉంచడం ఆపాదనం. గణితంలో సమాన చిహ్నం రెండు పక్షాల తుల్యతను తెలుపుతుంది. అనేక ప్రోగ్రామింగ్ భాషలలో అదే చిహ్నం, కుడివైపు విలువను ఎడమవైపు పేరుకు అప్పగించమనే ఆజ్ఞ. కనుక 'మార్కులు = మార్కులు + 1' అన్నది గణితంలో అసంగతం; ప్రోగ్రాంలో సుసంగతం. పాత విలువకు ఒకటి కలిపి, ఫలితాన్ని మళ్ళీ అదే పేరున నిలపమని దాని తాత్పర్యం.

అయితే ప్రతి స్థానమూ ప్రతి విలువనూ స్వీకరించదు. తెలుగు ఛందస్సు ఎరిగినవారికి ఇది కొత్త విషయం కాదు. పూర్వపు వరంగల్లు జిల్లాలో ఉండి, నేడు జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని పేరుతో ప్రసిద్ధికెక్కిన ఊరు. ఆయన బసవపురాణాన్ని ద్విపదలో రచించాడు. ద్విపద ప్రతి పాదంలోనూ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. ఇంద్రగణ స్థానం చలరాశి వంటిది. నల, నగ, సల, భ, ర, త గణాలలో దేనినైనా గ్రహిస్తుంది. సూర్యగణ స్థానంలో న, హ గణాలకే చోటు. పాదం మారినప్పుడు గణాలు మారవచ్చు, స్థానాలు మారవు.

నియమం కుదరనప్పుడు కర్తవ్యమేమిటి? ద్విపదకు ప్రాస ఆవశ్యకం. ప్రాస లేనంత మాత్రాన లాక్షణికులు ఆ రచనను త్రోసిపుచ్చలేదు. దానిని ద్విపదగానే చెల్లనివ్వనూ లేదు. మంజరీద్విపద అని వేరొక పేరిచ్చారు. సామాన్య నియమానికి లోబడని విశేషాన్ని వ్యాకరణం అపవాదమంటుంది. ప్రోగ్రాంలోనూ సున్నాతో భాగించవలసి రావడం, అంకె ఉండవలసిన చోట అక్షరం రావడం ఇటువంటి సందర్భాలే. పైథాన్, జావా వంటి భాషలలో ప్రయత్నించవలసిన ఆదేశాలను ఒక భాగంలో, ఆటంకం కలిగితే చేయవలసినవాటిని మరొక భాగంలో వ్రాస్తారు. ఇదే అపవాద నిర్వహణ.

ఈ జాగ్రత్త లోపిస్తే నష్టమెంతటిదో 1996 జూన్ 4న లోకానికి తెలిసింది. ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి ఏరియాన్-5 రాకెట్ తొలిసారి బయలుదేరింది. ఏరియాన్-4 కోసం వ్రాసిన ప్రోగ్రాం భాగాన్ని అందులో యథాతథంగా వాడారు. అది 64 బిట్ల సంఖ్యను, 32,767కు మించిన విలువ పట్టని 16 బిట్ల స్థానంలో ఉంచబోయింది. కొత్త రాకెట్ క్షితిజ సమాంతర వేగం అధికం కావడంతో సంఖ్య హద్దు దాటింది. అటువంటి ఏడు చలరాశులలో నాలుగింటికే రక్షణ కల్పించారు. మిగిలినవి అంతగా పెరగవని నమ్మారు. ప్రధాన యంత్రమూ, దానికి తోడుగా ఉంచిన యంత్రమూ ఒకే ప్రోగ్రాంతో నడుస్తున్నందున రెండూ ఆగిపోయాయి. సుమారు 40 సెకన్లకే రాకెట్ దారి తప్పి, నాలుగు ఉపగ్రహాలతో సహా ధ్వంసమైంది. రాకెట్ పైకి లేచిన తరువాత ఆ గణనతో అవసరమే లేకపోవడం మరింత విచారకరం.

ఆటంకాన్ని కప్పిపుచ్చడం మాత్రం నిర్వహణ కాదు. మార్కుల స్థానంలో పొరపాటున అక్షరం పడితే, ప్రోగ్రాం మౌనంగా సున్నా వేసి ముందుకు సాగిందనుకోండి. ప్రోగ్రాం ఆగదు, విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. ఆ నమోదును వేరుచేసి, దోషమేమిటో తెలిపి, పరిశీలనకు పంపడమే ఉచితం. తప్పినదానిని తప్పినట్లుగా గుర్తించి, దానికి తగిన పేరూ మార్గమూ ముందే ఏర్పరచడం లాక్షణికునికీ ప్రోగ్రామర్‌కూ సమాన ధర్మం.

ప్రశ్నలు

1. ఇంద్రగణ స్థానాన్ని చలరాశితో ఎట్లు పోల్చవచ్చు?
2. ఏరియాన్-5 ప్రమాదానికి కారణాలను వివరించండి.
3. అపవాదాన్ని నిర్వహించడానికీ కప్పిపుచ్చడానికీ గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.