వరి మొవ్వును చంపు రెక్కలపురుగు

పచ్చని పైరు నడుమ ఒక మొవ్వు ఎండి, పట్టి లాగినంతనే చేతికి ఊడివచ్చుట పంచాయతీ సభ్యులు ఎరిగినదే. పైరు ఈనిన తరువాత ఇదే బాధ కలిగినచో కంకి తెల్లబడి తాలుగా నిలుచును. దీనిని తెగులని తలచువారు కలరు. ఇది తెగులు కాదు. కాండము తొలుచు పురుగు చేయు పని.

గడ్డిజాతి మొక్కలపై బ్రతుకు రెక్కలపురుగుల కుటుంబములో ఇది యొకటి. యూరపు పచ్చికబయళ్ళలో మనిషి అడుగు సవ్వడికి లేచి, కొంత దూరమున గడ్డిపరకపై రెక్కలు ముడుచుకొని వ్రాలు చిన్న పురుగులు దీని దాయాదులే. మన పురుగు మాత్రము వరినే నమ్ముకొన్నది.

ఆడపురుగు పసుపుపచ్చగా నుండి, ముందురెక్కలు రెంటిపైనను ఒక్కొక్క నల్లచుక్క కలిగియుండును. మగది చిన్నది, గోధుమవన్నెది. రాత్రివేళ ఇవి దీపమునకు మూగును. ఆడది ఆకుకొన దగ్గర గ్రుడ్లను కుప్పగా పెట్టి, తన తోకనున్న నూగుతో కప్పును. సుమారు వారమునకు పిల్లపురుగులు వెలువడి, సన్నని పట్టుదారమున వ్రేలాడుచు గాలివాటున ప్రక్క దుబ్బులకు చేరి, కాండములో దూరును. దూరిన తరువాత ఇంచుమించు నెలదినములు లోపలనే తినుచుండును గనుక, పైన చల్లిన మందు దానికి అందుట కష్టము. పిమ్మట కాండము అడుగున, బయటికి దారి ముందే తొలిచియుంచుకొని, గూడులో నిద్రించి రెక్కలతో వచ్చును.

కావున గ్రుడ్లున్న ఆ వారమే మనకు చిక్కు అదను. నాటుటకు ముందు నారుకొనలు త్రుంచినచో గ్రుడ్లు చాలవరకు పోవును. నారు కురచబడునని వెనుదీయ నక్కరలేదు. నాటిన పిదప క్రొత్త ఆకు వచ్చును.

అయితే ఒక్క రైతు త్రుంచినంత మాత్రమున ఫలము స్వల్పము. గట్టు అవతలి చేనినుండి పురుగు ఎగిరివచ్చును. పెన్నా కాలువల క్రింద రబీ వెనుక ఎడగారు వేయు గ్రామములలో దానికి తిండి తరుగుట అరుదు. పైగా నేటి కోతయంత్రములు ఎత్తయిన మోళ్ళను విడిచిపోవుచున్నవి. పురుగు అందులోనే దాగును. కోత కాగానే మోళ్ళను దున్నించుట, ఒకే కాలువ క్రింది రైతులు దగ్గర దగ్గర దినములలో నార్లు పోయునట్లు ఒప్పించుట పంచాయతీ వల్లనే కాగలదని మేము తలచుచున్నాము. యూరియా మితిమీరినను ఈ బాధ హెచ్చును.

ఏరిన గ్రుడ్లకుప్పలను నలిపివేయుట తొందరపాటు. వానిలో కొన్నింటియందు మన మేలుకోరు కందిరీగజాతి నలుసంత పురుగులు పెరుగుచుండును. నీటి పళ్ళెము నడుమ వెదురుబుట్టలో ఉంచినచో అవి ఎగిరి చేనికి పోవును; తొలుచు పురుగులు నీటిలో పడును.