కాదన్నదెవరు? – రెస్ట్ సేవలో దోషమును వెదకు విధము

విద్యార్థులారా!

పరీక్షాఫలితములు, రైలుబండి టిక్కెట్లు, బ్యాంకు లెక్కలు మొదలగువానిని ఇప్పుడు మనము చేతిలోని ఫోనునుండియే తెలిసికొనుచున్నాము. ఫోను ఆ సంగతులన్నిటిని తనలో దాచుకొని యుండదు. దూరమందెక్కడనో యున్న సర్వరు అను యంత్రమునకు ప్రశ్న పంపి, దాని ప్రత్యుత్తరమును మనకు చూపును. ఇట్టి ప్రశ్నోత్తరములు నడచు పద్ధతులలో మిక్కిలి వ్యాప్తి చెందినది రెస్ట్ అనునది. ఇది చక్కగా నడచునంతకాలము దాని యునికియే మనకు తోచదు. చెడినప్పుడు మాత్రము ఒకరినొకరు నిందించుకొనుట మొదలగును. అట్లు నిందింపక, దోషమెచ్చట నున్నదో క్రమముగా కనుగొను విధమును ఈ వ్యాసమున వివరించెదను.

రెస్ట్ అననేమి?

2000 సంవత్సరమున రాయ్ ఫీల్డింగ్ అను పండితుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు సమర్పించిన పరిశోధన గ్రంథమునందు ఈ పేరు పెట్టెను. వెబ్బునకు ఆధారమైన హెచ్.టీ.టీ.పీ. నిబంధనలను వ్రాసినవారిలో నాతడును ఒకడు. ఈ పద్ధతియందు ముఖ్యముగా మూడు సంగతులు గలవు. మొదటిది, ప్రతి వస్తువునకును ఒక చిరునామా యుండవలయును. రెండవది, ఆ వస్తువును గూర్చి యడుగు క్రియలు కొలదిగా నుండవలయును. చూపుమనుటకు గెట్ అనియు, క్రొత్తది చేర్చుకొమ్మనుటకు పోస్ట్ అనియు, ఉన్నదానిని మార్చుమనుటకు పుట్ అనియు, తీసివేయుమనుటకు డిలీట్ అనియు పేర్లు. మూడవది, ప్రతి విన్నపమును తనంతట తాను సంపూర్ణముగా నుండవలయును. ఏలయన, సర్వరు క్రిందటి విన్నపమును జ్ఞప్తియందుంచుకొని దీనిని చదువదు.

ఈ మూడవ గుణము దోషము వెదకువారికి గొప్ప మేలు చేయును. చెడిన విన్నపమొక్కటి చేతికి దొరకినచో, దానినే మరల మరల పంపి పరీక్షింపవచ్చును.

విన్నపము నడచు దారి

ఒక జిల్లాలో బీద విద్యార్థుల ఉపకారవేతనములకు దరఖాస్తులు పుచ్చుకొనుటకై యొక రెస్ట్ సేవను స్థాపించిరనుకొందము. విద్యార్థి పేరు, తరగతి, ఆదాయపత్రపు ఛాయాచిత్రము మొదలగునవి పోస్ట్ క్రియతో పంపవలయును. ఆ విన్నపము అయిదు మజిలీలు దాటును.

మొదట సేవయొక్క పేరును అంకెల చిరునామాగా మార్చు డీ.ఎన్.ఎస్. గలదు. రెండవది, సర్వరుయొక్క 443వ పోర్టు. ఇచ్చట సర్వరు తన ధ్రువపత్రమును చూపి, సంభాషణ పరులకు తెలియకుండ గుప్తము చేయును. మూడవది ద్వారపాలకుడు. ఈ పనికి అనేకులు వాడునది ఎంజినెక్స్ అను కార్యక్రమము. రష్యా దేశీయుడగు ఇగోర్ సిసోయెవ్ దీనిని వ్రాసి 2004లో లోకమునకు విడుదల చేసెను. నాలుగవది అసలు పని చేయు కార్యక్రమము. మన యుదాహరణమున నిది జావా భాషలో స్ప్రింగ్ బూట్ సాయమున వ్రాయబడి, 8080వ పోర్టునందు కాచుకొని యున్నదనుకొందము. అయిదవది సమాచారము భద్రపరచు డేటాబేసు.

పాఠశాలలో గేటు బంట్రోతును, లోపల గుమాస్తాను, రికార్డులుంచు బీరువాను తలచుకొన్నచో కడపటి మూడును సులభముగా తెలియును. దరఖాస్తు తిరిగివచ్చినప్పుడు దానిని త్రిప్పి పంపినది బంట్రోతా, గుమాస్తాయా యని మొదట తెలిసికొనవలయును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకయే అమరికలను మార్చుట, చీకటిలో తాళము త్రిప్పుట వంటిది.

అంకెల భాష

ప్రతి ప్రత్యుత్తరమునకును తలపై మూడంకెల సంఖ్య యొకటి యుండును. 200 మొదలు గలవి పని నెరవేరినదని తెలుపును. 300 మొదలు గలవి ప్రధానముగా వేరొకచోట వెదకుమని చెప్పును. 400 మొదలు గలవి విన్నపమునందే లోపమున్నదని సర్వరు తలచుచున్నట్లు తెలుపును. 500 మొదలు గలవి లోపము సర్వరు వైపుననే యున్నదని ఒప్పుకొనుట. అయితే 400 సంఖ్య వచ్చినంతమాత్రమున పంపినవానిదే తప్పని తీర్పు చెప్పరాదు. అది సర్వరుయొక్క యభిప్రాయము మాత్రమే. ఆ యభిప్రాయమునకు మూలమైన నియమము సరియైనదో కాదో మనమే విచారింపవలయును. దీనిని ఒక ఉదాహరణముతో చూతము.

ఒక విచారణ

గడువు సమీపించుచున్నది. కొందరి దరఖాస్తులు చేరుచున్నవి, కొందరివి చేరుటలేదు. తెరమీద “దరఖాస్తు విఫలమైనది” అని మాత్రము కనబడుచున్నది. పట్టణమందలి అంగడిలో పత్రములను స్కాను చేయించుకొన్న పిల్లలవి చేరినవి. పల్లెయందు తండ్రిగారి ఫోనుతో ఛాయాచిత్రము తీసి పంపినవారివి తిరిగివచ్చినవి. “వారికి నింపుట తెలియదు” అని కొందరును, “ఆ యూరిలో సిగ్నలు చాలదు” అని కొందరును, “కార్యక్రమము వ్రాసినవారు అసమర్థులు” అని మరికొందరును అనుచున్నారు. ఇందులో నెవరిమాట నిజము?

విచారణకు మొదటి మెట్టు సంఖ్యను చూచుట. పుటపైని వాక్యమును విడిచి, అసలు ప్రత్యుత్తరమును పరిశీలింపగా 413 అని యున్నది. పంపిన సరుకు మితిమీరినదని దీని యర్థము. రెండవ మెట్టు చిట్టాలను చూచుట. సర్వరునందలి కార్యక్రమములు సాధారణముగా తాము చేసిన పనిని చిట్టా వ్రాసికొనును. లోపలి జావా కార్యక్రమపు చిట్టాలో ఆ పల్లె విద్యార్థి దరఖాస్తు జాడయే లేదు. ఎంజినెక్స్ దోషముల చిట్టాలో మాత్రము, పంపువాడు మిక్కిలి పెద్ద సరుకును పంపబోయెనని వ్రాసియున్నది. కావున కాదన్నది బంట్రోతు. గుమాస్తాకు ఆ కాగితము అందనేలేదు.

కారణమేమి? ఎంజినెక్స్‌లో “క్లయంట్ మ్యాక్స్ బాడీ సైజ్” అను ఆజ్ఞ యొకటి గలదు. ఎవరును దానిని వ్రాయనిచో, 1 మెగాబైటునకు మించిన విన్నపమును అది పుచ్చుకొనదు. స్కాను చేసిన పత్రము చిన్నది గనుక లోపలికి పోయినది. ఫోను కెమెరా తీసిన చిత్రము తరచుగా ఆ మితిని దాటును గనుక వెలుపలనే నిలిచినది. పల్లె పిల్లవాడు తప్పు చేయలేదు, కార్యక్రమము వ్రాసినవారును తప్పు వ్రాయలేదు. ఎవరును తలపెట్టని యొక నియమము, ఎవరికిని తెలియకయే, బీదవానికి ద్వారము మూసినది.

ఆ మితిని పెంచినంతనే పని ముగిసినదనుకొనరాదు. స్ప్రింగ్ బూట్‌లో కూడ, వేరుగా చెప్పనిచో, పంపు దస్త్రమొక్కొక్కటి 1 మెగాబైటునకును, విన్నపము మొత్తము 10 మెగాబైటులకును మించరాదను నియమము గలదు. కావున బంట్రోతు ఒప్పుకొన్న పిమ్మట గుమాస్తా కాదనును. తెరమీద మరల “విఫలమైనది” అనియే కనబడుటచే, తొందరపాటు గలవాడు తాను మొదట చేసిన దిద్దుబాటు వ్యర్థమని తలచి దానిని తీసివేయును. చిట్టా చూచువాడు మాత్రము, ఈసారి దోషము లోపలి కార్యక్రమపు చిట్టాలో కనబడుటచే, విన్నపము ఒక ద్వారము ముందునకు వచ్చినదని గ్రహించును. తెరమీది మాట మారకున్నను నిజముగా ముందడుగు పడినది.

మితిని ఎంత పెంచవలయును? ఎంజినెక్స్‌లో సున్న వ్రాసినచో పరీక్షయే యుండదు. అప్పుడు ఎవరైనను పెద్ద దస్త్రములను గుప్పించి సర్వరును నింపివేయవచ్చును. పత్రము ఒక్కొక్కటి 5 మెగాబైటుల వరకును, అట్టివి మూడును పంపవలసియున్నచో, దస్త్రమునకు 5, విన్నపమునకు 20 అని రెండు చోట్లను ఒకే లెక్కతో వ్రాయుట యుక్తము.

తరచుగా కనబడు మరికొన్ని దోషములు

502 వచ్చినచో, బంట్రోతు లోపలికి పోయెను గాని సరియైన జవాబును తేలేకపోయెనని యర్థము. చిట్టాలో “111” సంఖ్యతో సంబంధము నిరాకరింపబడినదని యున్నచో, ఆ పోర్టునందు ఎవరును కాచుకొని యుండలేదు. కార్యక్రమము ఆగిపోయినదో, వేరొక పోర్టున నున్నదో చూడవలయును. “13” సంఖ్యతో అనుమతి లేదని యున్నచో కార్యక్రమము ఆరోగ్యముగనే యుండవచ్చును. ఎస్.ఇ.లినక్స్ అను కాపలా యున్న యంత్రములలో అది ఎంజినెక్స్‌ను లోపలి పోర్టువద్దకు పోనీయక ఆపుట కలదు.

504 అనునది వేచియుండు గడువు మీరినదని తెలుపును. ఎంజినెక్స్ మామూలుగా 60 సెకండ్లు జవాబు కొరకు ఎదురుచూచును. గడువును పెంచుటకు ముందు, లోపల అంత ఆలస్యమేల యని డేటాబేసును విచారించుట మంచిది.

404 వచ్చినచో ఆ చిరునామాయందు ఏమియు లేదని యర్థము. ఇచ్చట ఒక్క వాలుగీత గొప్ప చిక్కు తెచ్చును. ఎంజినెక్స్‌లో “/ఏపీఐ/” తో మొదలగు విన్నపములను 8080వ పోర్టునకు పంపుమని వ్రాయునప్పుడు, పోర్టు సంఖ్య తరువాత వాలుగీత యుంచినచో “/ఏపీఐ/మార్కులు” అనునది లోపలికి “/మార్కులు” అని మాత్రమే చేరును. ఉంచనిచో పూర్తి చిరునామా యథాతథముగా చేరును. లోపలి కార్యక్రమము వీనిలో దేని నెదురుచూచుచున్నదో తెలిసికొని వ్రాయవలయును.

405 అనగా చిరునామా సరియే గాని క్రియ సరికాదు. దీనితోపాటు ఏయే క్రియలు చెల్లునో “అలౌ” అను శీర్షికయందు తెలుపవలెనని నిబంధన గలదు. దానిని చదివినచో సగము సందేహము తీరును.

పాటింపదగిన నియమములు

1. సంఖ్యను చదువక ఏ యమరికను ముట్టరాదు.

2. లోపలినుండి వెలుపలికి పరీక్షింపుడు. కర్ల్ అను సాధనముతో సర్వరులోనే యుండి మొదట 8080వ పోర్టును నేరుగా అడుగుడు. పిమ్మట ఎంజినెక్స్ ద్వారా అడుగుడు. తుదకు వెలుపలి యంత్రమునుండి అడుగుడు. ఎచ్చట మొదట జవాబు చెడునో అచ్చటనే, లేదా దానికి ముందటి లంకెయందు, దోషముండును.

3. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. మూడు మార్పులు కలిపి చేసినచో, రోగము కుదిరినను ఏ మందున కుదిరినదో తెలియదు.

4. మార్చుటకు ముందు పాత యమరికకు నకలు తీసికొనుడు. ఎంజినెక్స్‌లో “హైఫన్ టీ” గుర్తుతో అమరిక వ్రాతను ముందుగా పరీక్షించు సదుపాయము గలదు. అందులో తప్పు లేదని తేలిన పిమ్మట అమరికను మరల చదువుమని ఆజ్ఞాపింపుడు. దస్త్రమును దిద్ది, ఈ యాజ్ఞ నీయ మరచిన కారణముననే అనేకులు గంటల కొలది వృథాగా శ్రమించుట కలదు.

5. కనుగొన్న కారణమును, చేసిన మార్పును, తేదీతో వ్రాసియుంచుడు. తరువాత వచ్చువారికి అదియే దీపము.

6. సేవను నిర్మించువారు తెరమీద “విఫలమైనది” అని మాత్రము వ్రాయక, “మీ చిత్రము 5 మెగాబైటులకు మించినది, చిన్నదిగా చేసి పంపుడు” అని తెలియజెప్పవలయును. కారణము తెలిసినవాడు తన పనిని తానే చక్కపెట్టుకొనును.

విద్యార్థులారా! మీలో కొందరు ముందుముందు ఇట్టి యంత్రములను కాపాడు నుద్యోగములలో ప్రవేశింపవచ్చును. ఆ యంత్రముల కావల ఎవరో యొక తల్లి, ఎవరో యొక పిల్లవాడు జవాబు కొరకు కనిపెట్టుకొని యుందురని మరవకుడు. వారిది తప్పని పలుకుటకు ముందు చిట్టా తెరచి చూచుట మీ విధి. సాక్ష్యము చూడక చెప్పిన తీర్పు న్యాయస్థానమునందెట్లు చెల్లదో, సర్వరు వద్దను అట్లే చెల్లదు.