తెల్లసొన పట్టు వేస్తే వాపు తగ్గుతుందా?



ఆత్మకూరు హాస్టల్లో మేము ఉన్న రోజుల్లో గుడ్డు పెట్టే పూట ఒక బేరం నడిచేది. పచ్చసొన ఒకరికి, తెల్లసొన ఒకరికి. పచ్చసొనకే గిరాకీ. చప్పగా ఉండే తెల్లసొనను ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాక ఆ చప్పటి భాగం గురించే మేము ఎక్కువగా చదివాం. దానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా నాయన ఉదయగిరి వైపు రాళ్ల పనికి పోయి, కాలు మెలిపడి కింద పడ్డాడు. చీలమండ బూరెలా పొంగింది. ఊళ్లో ఒక పెద్దాయన చెప్పాడని అమ్మ రోజూ తెల్లసొనలో పసుపు కలిపి పట్టు వేసేది. వాపును లాగేస్తుందని అందరూ అన్నారు. ఇరవై రోజులకు నెల్లూరు తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరిగి ఉంది. అప్పటికే వంకరగా అతుక్కోవడం మొదలైంది. నాయన ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు. ఆ పట్టులో అసలు మందు అనేది ఏమైనా ఉందా?

ఉంది. దాని పేరు లైసోజైమ్. 1922లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఈ పదార్థాన్ని లోకానికి చెప్పాడు. పెన్సిలిన్ కనుక్కున్న ఆయనే, అయితే అది 1928లో. జలుబు చేసినప్పుడు తన ముక్కు చీమిడినే పరీక్షకు పెట్టి, అది ఒక రకం బ్యాక్టీరియాను కరిగించేస్తోందని చూశాడు. (చీమిడి పారేయకుండా పరీక్షించినవాడే శాస్త్రవేత్త అని మా ల్యాబులో నవ్వుకునేవాళ్లం.) మన కన్నీళ్లలో, లాలాజలంలో, తల్లిపాలలో కూడా ఇది ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొనలో మరీ సమృద్ధిగా దొరుకుతుంది. ఒక గుడ్డు తెల్లసొనలో సుమారు మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటే, అందులో నూటికి మూడు నాలుగు పాళ్లు లైసోజైమే.

ఇది 129 అమైనో ఆమ్లాల గొలుసు. 1965లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్‌కిరణాలతో దీని ఆకారాన్ని తేల్చింది. ఎంజైములన్నిటిలో అలా ఆకారం తెలిసిన మొదటిది ఇదే. బ్యాక్టీరియా చుట్టూ గోడలాంటి కవచం ఉంటుంది. ఆ గోడలోని చక్కెర గొలుసులను లైసోజైమ్ తెంపుతుంది. మేము ఒక గొట్టంలో మైక్రోకాకస్ బ్యాక్టీరియా కలిపిన నీళ్లు తీసుకుని చుక్క లైసోజైమ్ వేశాం. పాలు కలిపినట్టు మసకగా ఉన్న నీళ్లు కొన్ని నిమిషాల్లో తేటపడ్డాయి.

ఇక వాపు సంగతి. దెబ్బ తగిలినా, క్రిములు చొరబడినా కాపలా కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే పదార్థాల వల్లే ఎరుపు, వేడి, నొప్పి, ఉబ్బు వస్తాయి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు పేగువాపు తెప్పించిన పందిపిల్లలకు గుడ్డు లైసోజైమ్ ఇచ్చి, ఆ ఫలితాలను 2009లో ప్రచురించారు. వాపును పెంచే టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6 వంటివి తగ్గాయి, వాపును అణచే కబుర్లు పెరిగాయి. ఇంతవరకూ చదివి, అమ్మ చేసింది సరైనదే కదా అని మేము సంబరపడ్డాం.

కానీ ఆ పందిపిల్లల పేగులోకి లైసోజైమ్ నేరుగా చేరింది. నాయన కాలిమీద చర్మం ఉంది. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. హైడ్రోజన్ పరమాణువు బరువు దాదాపు ఒక డాల్టన్. 500 డాల్టన్లు దాటిన అణువు తెగని చర్మంలోంచి లోపలికి దిగడం చాలా కష్టం. లైసోజైమ్ బరువు సుమారు 14,300. ఎంత మందంగా పూసినా అది పైనే ఎండి పొరలు పొరలుగా రాలుతుంది. పది రోజులకు నాయన వాపు కొంత తగ్గిన మాట నిజమే. అది ఏమీ పూయకపోయినా తగ్గేదే.

మరి పుత్తూరు కట్టు సంగతేమిటని అడుగుతారు. తిరుపతి దగ్గరి పుత్తూరులో తరాలుగా కట్టే ఆ కట్టులో ఆకుపసరుతో పాటు తెల్లసొన కూడా వాడతారు. అయితే వాళ్లు ఎముకను సరిచేసి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుడతారు. ఎండిన తెల్లసొన ఆ గుడ్డను అట్టలా బిగిస్తుంది. ఎముకను కదలనీయకుండా పట్టి ఉంచేది ఆ బిగువూ, ఆ బద్దలూ. మా ఊళ్లో తెల్లసొన ఒక్కటే మిగిలింది, బద్దలు పోయాయి.

మాత్రగా మింగితే? జపాన్‌లో లైసోజైమ్ మాత్రలు దశాబ్దాల పాటు కఫానికి, సైనస్ వాపుకు అమ్మారు. కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షించినప్పుడు మేలు రుజువు కాలేదు. 2016లో అక్కడ ఆ మందులను ఆపేశారు. గుడ్డు పడనివాళ్లకు అవి ప్రమాదం కూడా. పచ్చిగుడ్డు తాగితే పనిచేస్తుందేమో అని ఎవరైనా అనుకుంటే, అందులో సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు. ఉడికిస్తే లైసోజైమ్ పని పోతుంది, కానీ దాని అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోవు. విరిగిన ఎముక అతుక్కోవడానికి ప్రోటీన్ కావాలి. మేము ఆ ఇరవై రోజులు రోజుకో గుడ్డు నాయన కాలికి పూశాం, కంచంలో ఒక్కటీ వేయలేదు. కొనగలిగింది ఆ ఒక్కటే.

మొన్న సెలవుల్లో ఇదంతా అమ్మకు చెప్పాం. ఓపిగ్గా విని, "అయితే మరేం చెయ్యాల్రా?" అంది. కాలు మోపనీయకూడదు, అటూ ఇటూ రెండు బద్దలు పెట్టి కదలకుండా కట్టాలి, చల్లటి తడిగుడ్డ వేసి కాలు ఎత్తున పెట్టాలి. నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉన్నా ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి అని చెప్పాం. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి, నాయనకు రెండు గుడ్లు ఉడకేసింది.