వ్యర్థవాయువులకు విరుగుడు: ప్లాస్మా

మానవుడు తన సౌకర్యం కోసం సృష్టించిన పదార్థాలలో కొన్ని, అతని అవసరం తీరిన తరువాత కూడా నశించవు. శీతల యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు అటువంటివే. ఇవి మండవు, ఇతర పదార్థాలతో సులభంగా కలవవు. ఈ స్థిరత్వమే మొదట వాటి సుగుణమయింది. తరువాత అదే దోషంగా పరిణమించింది. ఇవి చెక్కుచెదరక పైకి చేరి, భూమికి కవచం వంటి ఓజోన్ పొరను క్షీణింపజేయగలవని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం వీటి ఉత్పత్తిని క్రమంగా అరికట్టింది. అయితే ఉత్పత్తి ఆగినంత మాత్రాన పాత యంత్రాలలో, సిలిండర్లలో మిగిలిన వాయువు మాయం కాదు. దానిని నిర్మూలించే మార్గాలలో ప్లాస్మా ఒకటి.

ఘన, ద్రవ, వాయు స్థితుల తరువాత చెప్పదగిన నాలుగవ స్థితి ప్లాస్మా. వాయువుకు అధికశక్తి అందినప్పుడు దాని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడి, అయాన్లు ఏర్పడతాయి. ఆ మిశ్రమమే ప్లాస్మా. ఆకాశంలోని మెరుపు ఇందుకు ఉదాహరణ. 1928లో దీనికి ఆ పేరు పెట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మూర్.

ఆస్ట్రేలియాలో రూపొందిన 'ప్లాస్కాన్' పద్ధతిలో, విద్యుత్తు సహాయంతో ఆర్గాన్ వాయువును 10,000 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేసి ప్లాస్మాగా మారుస్తారు. అందులోకి వ్యర్థవాయువుతోపాటు నీటి ఆవిరిని గాని ఆక్సిజన్‌ను గాని పంపుతారు. రెప్పపాటు కన్న తక్కువ కాలంలో అణువుల బంధాలు తెగిపోతాయి. అంతటితో పని పూర్తికాదు. నెమ్మదిగా చల్లారితే విడిపోయినవి తిరిగి కూడి, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు ఏర్పడవచ్చు. అందుచేత క్షారద్రావణాన్ని చల్లి తక్షణమే చల్లబరుస్తారు. వెలువడిన ఆమ్లాలు ఆ ద్రావణంలో లవణాలుగా మారతాయి. కార్బన్ డయాక్సైడు కొంత మిగులుతుంది. అయినప్పటికీ సి.ఎఫ్.సి-12 అనే వాయువు అంతే బరువుగల కార్బన్ డయాక్సైడు కంటె నూరేండ్లలో సుమారు 10,000 రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుంది. కనుక ఈ మార్పు మేలైనదే.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. దీనికి విద్యుత్తు విరివిగా కావాలి. అంతకన్న ముఖ్యంగా, సేకరించి నిలువచేసిన వాయువును మాత్రమే ఇది నిర్మూలించగలదు. పాత ఫ్రిజ్ గొట్టాన్ని కోసినప్పుడు గాలిలో కలిసిపోయిన వాయువును ఏ ప్లాస్మా యంత్రమూ వెనుకకు తేలేదు. కాబట్టి యంత్రం ఎంత గొప్పదైనా, వాయువును జారనీయక పట్టి ఉంచే కార్మికుని నేర్పే ఈ రక్షణకు తొలిమెట్టు.