కొడైకెనాల్ సరస్సుకు బయల్దేరే ముందు: పాస్, పర్మిట్, పడవ

కొడైకెనాల్ సరస్సు దానంతటది ఏర్పడింది కాదు. మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ దొర 1863లో కట్ట వేయించి చేసింది. పళని కొండల మీద, సుమారు 2,100 మీటర్ల ఎత్తున, చుట్టూ 5 కిలోమీటర్ల రోడ్డుతో ఉంటుంది. వేసవిలో ఘాట్ రోడ్డు మీద కార్ల బారు చూసినవాళ్లకు మద్రాసు హైకోర్టు ఎందుకు కలగజేసుకుని బండ్లకు ఈ-పాస్ పెట్టించిందో వేరే చెప్పక్కర్లేదు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

ఈ-పాస్ తప్పనిసరా?

సొంత కారైనా, అద్దె వ్యానైనా కావాల్సిందే. 2024 మే 7 నుంచి అమల్లో ఉంది, ఊటీకీ ఇదే పద్ధతి. తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, ఎంతమంది, ఏ తేదీలు, బస ఎక్కడ అన్నవి నింపితే వస్తుంది. పైసా కట్టక్కర్లేదు, కాబట్టి పాస్ ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లను నమ్మకండి. పాస్ బండికే గానీ మనిషికి కాదు. కొడై రోడ్ స్టేషన్‌లో రైలు దిగి ప్రభుత్వ బస్సెక్కితే ఈ గొడవే లేదు.

అడిగితే దొరక్కపోవడం ఉంటుందా?

సీజన్లో ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000 బండ్లకే పరిమితి పెట్టారు. ముందు పాస్ తీసుకుని ఆ తర్వాతే గదికి అడ్వాన్స్ కట్టండి. ప్రయాణం ఖాయం చేసుకునే రోజున పరిమితులు ఎలా ఉన్నాయో అదే సైట్‌లో చూసుకోవచ్చు.

దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు ఉంది కదా, ఈ ఆంక్షలేంటి?

ఉంది, రాజ్యాంగం 19(1)(డి) అధికరణం ఇచ్చిందే. ప్రజా ప్రయోజనం కోసం దానికి సహేతుకమైన హద్దులు పెట్టొచ్చని 19(5) చెబుతుంది. చెక్‌పోస్టు దగ్గర ఈ వాదన ఎత్తితే వెనకాల బండ్లు ఆగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

హైదరాబాద్ నుంచి ట్యాక్సీ మాట్లాడుకుంటే?

అందరూ పాస్ గురించి కంగారు పడతారు గానీ, అసలు చూసుకోవాల్సింది ఇక్కడ. ఎల్లో ప్లేట్ బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే తమిళనాడు పన్ను విడిగా కట్టక్కర్లేదు. లేకపోతే తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, పన్ను కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో బేరం కుదుర్చుకునేటప్పుడే తేల్చుకోండి. రాష్ట్ర సరిహద్దులో అర్ధరాత్రి తేల్చుకునే సంగతి కాదది. చవకగా వస్తుందని తెలిసినవాళ్ల వైట్ ప్లేట్ కారు అద్దెకు తీసుకునేవాళ్లున్నారు. అది చట్టవిరుద్ధం. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట పట్టుకునేది ఆ పాయింటునే.

లైసెన్సు, ఆర్‌సీ ఫోన్లో చూపిస్తే చాలా?

డిజీలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో ఉంటే చెల్లుతాయి. గ్యాలరీలో దాచుకున్న ఫొటో చెల్లదు.

నీళ్ల బాటిళ్లు తీసుకెళ్లొచ్చా?

5 లీటర్ల లోపు ప్లాస్టిక్ బాటిళ్లకు కొడైకెనాల్‌లో నిషేధం ఉంది. వెంట తెస్తే బాటిల్‌కు 20 రూపాయల వంతున వసూలు చేయాలని 2024లో నిర్ణయించారు. ఒక పెద్ద క్యాను, ఇంట్లో స్టీలు బాటిళ్లు చాలు.

పెళ్లికాని జంటకు గది ఇవ్వరా?

ఇవ్వకూడదన్న చట్టం ఏదీ లేదు. కోయంబత్తూరులో ఒక అద్దె బసకు సీలు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2019లో ఈ మాటే చెప్పింది. ఇద్దరూ మేజర్లై, గుర్తింపు కార్డులుంటే సరిపోతుంది. అయినా కొన్ని లాడ్జీలు సొంత రూలంటూ కాదంటాయి. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే సామాను మోసుకుని వెనుదిరగక్కర్లేదు.

బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే?

తీసేయమని అడగండి. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వినకపోతే 1915కు ఫోన్ చేయండి. ఎమ్మార్పీకి మించి గుంజినా ఇదే నంబరు.

పడవ ఎక్కేటప్పుడు ఏం అడగాలి?

లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మరిచిపోయే సంగతి కాదు. జాకెట్ ఇచ్చారు కదా అని వదిలేయకండి. బకిళ్లన్నీ టక్కున పడ్డాయో లేదో చూసి, పిల్లల జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచిందంటే సైజు పెద్దది, నీళ్లలో జారిపోతుంది, మార్చమనండి. జాకెట్ ముక్కిపోయిన వాసన వస్తోందని ఒళ్లో పెట్టుకునే పెద్దమనుషులకు పడవవాడు నచ్చజెప్పలేడు, ఇంట్లోవాళ్లే చెప్పాలి. సరస్సు చుట్టూ తిరగడానికి తీసుకునే గుర్రానికీ, సైకిలుకూ రేటుతో పాటు ఎంత దూరమో, ఎంతసేపో ముందే మాట్లాడుకోండి.

ఊళ్లోకి అడవి దున్నలొస్తాయట?

వస్తాయి, సాయంత్రమైతే మరీను. దూరంగా ఆగండి. సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్లొద్దు, హారన్ కొట్టొద్దు. కోతులకు తిండి పెట్టొద్దు.

బెరిజం సరస్సుకూ ఇదే పాస్ చెల్లుతుందా?

చెల్లదు. అది అటవీ ప్రాంతం. కొడైకెనాల్‌లోని అటవీ శాఖ ఆఫీసులో విడిగా అనుమతి తీసుకోవాలి. రోజుకు ఇన్ని బండ్లనే లెక్క ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడాలి. వానలు ఎక్కువైనా, దారిలో ఏనుగులు తిరుగుతున్నా ఆ రోజుకు మూసేస్తారు. అందుకని మీ ప్లాన్‌లో బెరిజంను చివరి రోజుకు పెట్టుకోకండి.