ఋణవ్యసనము

అప్పు చేయుట వేరు, అప్పు చేయక నిలువలేకుండుట వేరు. మొదటిది అవసరమువలన కలుగును. రెండవది మద్యపానమువలె అలవాటై మనుష్యుని పట్టుకొనును. త్రాగుబోతును చూచి అసహ్యించుకొను మన విద్యావంతులు దీనిని మాత్రము మర్యాదక్రింద జమకట్టుచున్నారు.

నాయొద్దకు వచ్చిన యొక కక్షిదారుని సంగతి చెప్పెదను. ఆయన ఉపాధ్యాయుడు; త్రాగుడు, జూదము ఎరుగడు. కుమార్తె వివాహమునకై నెలకు నూటికి రెండు రూపాయల వడ్డిపై లక్ష రూపాయలకు ప్రామిసరీ నోటు వ్రాసెను. నోటునకు కాలపరిమితి మూడు సంవత్సరములే గనుక, గడువు సమీపించినప్పుడెల్ల వడ్డిని అసలులో కలిపి నోటు తిరుగవ్రాసి యిచ్చుచు వచ్చెను. మూడేండ్లకు 1,72,000, ఆరేండ్లకు 2,95,840, తొమ్మిదేండ్లకు 5,08,844. క్రొత్తగా ఒక్క రూపాయియైనను పుచ్చుకొనకుండనే లక్ష అయిదు లక్షలాయెను. ఆ బాకీ తీర్చుటకు మరియొకచోట అప్పు ఇప్పింపుడని కోరుటకు ఆయన వచ్చెను.

తమ బాకీలన్నియు కలిసి యెంతయని అడిగితిని. చెప్పలేకపోయెను. ఆయన బోధించునది గణితమే! లెక్క రాక కాదు, తెలిసికొనుటకు భయపడి వేయలేదు. ఈ వ్యసనమునకు మొదటి లక్షణ మిదియే. భార్యకు తెలియనీయకుండుట, ఋణదాత యింటి వీధిని తప్పించి నడచుట, చేబదులు తెచ్చిన సొమ్ముతో బంధువులకు విందు చేయుట తక్కినవి. అన్నిటికంటె వింతయైనది, నోటుపై సంతకము చేసిన దినమున కలుగు ఉల్లాసము. తెచ్చిన అప్పు ఆర్జనవలె తోచును. నేడు చేతిఫోనులోనే అప్పు దొరకుచున్నందున, ఒకరిని అడుగుటలో నుండిన కొంచెము సిగ్గును పోయినది.

1938లో చెన్నపురి రాజధానిలో వ్యవసాయదారుల ఋణములను తగ్గించు చట్టము పుట్టెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో, 1932 అక్టోబరు 1కి ముందటి బాకీ తీరినట్లే యని అది చెప్పెను. మంచి చట్టమే. కాని విముక్తుడైన రైతు మరల నోటు వ్రాయకుండ ఆపుట దాని పని కాదు. 1976లో అమెరికాలో ‘డెటర్స్ అనానిమస్’ అను సంఘమును స్థాపించినవారు ఈ రెండవ పనికే పూనుకొనిరి. హామీలేని అప్పు ఈ దినమునకు చేయననుట, ప్రతి ఖర్చును వ్రాసికొనుట వారి పద్ధతి. మన పూర్వుల చిట్టా పుస్తకమును వారు మరల కనుగొన్నట్లున్నది.

నేనును ఆ ఉపాధ్యాయునకు అప్పు ఇప్పింపలేదు. చేబదుళ్లతో సహా బాకీలన్నియు ఒక్క కాగితముమీద, భార్య యెదుట కూర్చుండి వ్రాసి తెండని చెప్పితిని. పాత అప్పునకు క్రొత్త అప్పు తేవలదనియు, జీతములోనుండి చేతనైనంత చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాయుడనియు చెప్పితిని. చెల్లు వ్రాసి సంతకము చేసిన నాటినుండి మూడేండ్ల గడువు మరల మొదలగును. అది తెలిసియే వ్రాయవలెను. నోరుమెదపక కాలదోషము పట్టనిండని సలహా యిచ్చు వకీళ్లు కలరు. అట్టి సలహాతో తప్పించుకొన్న కక్షిదారులు మరుసటి యేడు మరియొక నోటుతో వచ్చుట నేను చూచితిని.

రెండు వారములకు ఆయన కాగితము తెచ్చెను. అందు పదునొకండు పద్దులుండెను. కడపటి పద్దు ఆయన చేవ్రాత కాదు. ఇల్లు గడపుటకు తన గొలుసును తాకట్టుపెట్టి, నాలుగేండ్లుగా ఆయనకు చెప్పక దాచిన బాకీని భార్య స్వహస్తముతో వ్రాసియుండెను.